నలుగురు పడ్డ చెంపదెబ్బ

ఆ రోజు పని మొత్తం ఒక్క చెంపదెబ్బ. పొద్దున్నే అది తీసేసి, మధ్యాహ్నం పందిమాంసం అన్నం పొట్లాలు వచ్చేలోపు సామాను సర్దుకోవాలని డైరెక్టర్ ఫాంగ్ అనుకుంది. హాంకాంగ్‌లోని తోక్వావాన్ పేట సందులో ఉన్న ఆ హోటల్ వంటగదిని దాని యజమానురాలు ముయ్ అవ్వ సాయంత్రం దాకానే ఇచ్చింది. తర్వాత సినిమా వాళ్ళు బతికినా చచ్చినా ఆమెకి అనవసరం. ఆమె బేరం ఆమెది.

చెంపదెబ్బ తినాల్సినవాడు మక్ సెక్-హంగ్. హాంకాంగ్‌లో అతని కాలు తగలని విలన్ లేడు. యాభై దాటాక మోకాళ్ళు మొరాయించాయి. తన కాళ్ళే తప్ప తన మొహం ఎవరికీ గుర్తుండదన్న దిగులు కూడా అప్పుడే పట్టుకుంది. అందుకే ఈ సినిమా ఒప్పుకున్నాడు. ఓడ అడుగున దాక్కుని ఏదో చలిదేశం చేరిన వంటవాడు, కాగితాలు లేక ముఠాల చేతికి చిక్కి, హంతకుడై చచ్చే కథ. ఫైటింగ్ ఒక్కటి కూడా లేదు. హోటల్ యజమాని అందరి ముందూ చెంప పగలగొడితే, వంటవాడు నోరెత్తకుండా తలదించుకోవాలి.

"సినిమాకి ప్రాణం ఇదే హంగ్ అన్నా," అని చెప్పింది ఫాంగ్. "ఇది పండితే మిమ్మల్ని ఇంక ఎవరూ ఫైటర్ అనరు. నటుడంటారు."

ఆ మాట కోసం హంగ్ వారం రోజులు అద్దం ముందు తలదించుకోవడం సాధన చేశాడు. తలదించుకున్నాక అద్దంలో ఏమీ కనబడలేదు, అది వేరే సంగతి.

హంగ్ ఫైటింగులు మానేస్తే అతని ఫైటర్లకి కూడు లేనట్టే. అందుకని పాతవాళ్ళు నలుగురికి వెనకాల కూరగాయలు తరిగే వేషాలు ఇప్పించాడు. వాళ్ళలో పెద్దవాడు ఆ-కౌ. హంగ్ తన్నులకి ఎగిరిపడీ ఎగిరిపడీ అతని నడుము ఒక పక్కకి ఒరిగిపోయింది.

"నాకిది ప్రమోషన్," అన్నాడు ఆ-కౌ క్యాబేజీ చేతిలోకి తీసుకుంటూ. "సినిమాలో నిలబడి ఉండటం ఇదే మొదటిసారి."

యజమాని వేషం వేస్తున్నది లో అనే ముసలి నటుడు, అందరికీ లో బాబాయ్. టీవీ సీరియళ్ళలో తాతగా చచ్చిపోయి ఇంటింటా ఏడిపించే మనిషి. "యాక్షన్" అనగానే చెయ్యెత్తాడు. హంగ్ ఎడమ చెయ్యి దానంతట అదే లేచి అడ్డుకుంది. లో బాబాయ్ మణికట్టు పట్టుకుని కింద కూర్చున్నాడు.

"క్షమించు బాబాయ్! నేను కాదు, చెయ్యి."

"ఆ చెయ్యి ఎవడిదిరా మరి, మీ పక్కింటివాడిదా?"

ఐసు పెట్టారు, తైలం రాశారు, కట్టు కట్టారు. లో బాబాయ్ ఎడమ చేత్తో కొడతానన్నాడు. హంగ్ కూడా ముందు జాగ్రత్తగా తన చేతులు రెండూ వెనక్కి విరిచి ఆప్రాన్ తాళ్ళతో కట్టించుకున్నాడు. "ఇప్పుడు కొట్టు బాబాయ్, నీ కసి తీరా కొట్టు."

లో బాబాయ్ కొట్టబోయాడు. చేతులు రావు కాబట్టి హంగ్ భుజం ముందుకి విసురుగా వచ్చింది. ముసలాయన ఈసారి ముందే తప్పుకుని వీధిలోకి పరిగెత్తాడు. కానీ వెనకాల ఉన్న నలుగురూ ఆ భుజాన్ని చూశారు. చూడగానే ఎగిరిపడ్డారు. ఆ-కౌ క్యాబేజీతో సహా వెళ్ళి గిన్నెల అల్మరా మీద పడ్డాడు. అల్మరా వెళ్ళి గోడకి గుద్దుకుంది. గోడ మీది చిన్న మందిరం ఊడి, అందులోని ఎర్రమొహం క్వాన్ కుంగ్ దేవుడు, గడ్డంతో కత్తితో సహా, పొయ్యి మీదున్న సూపు డేగిశాలో మునిగాడు. కెమెరామన్ నెత్తిన మూకుడు పడుతుందేమోనని బల్ల కింద దూరాడు. కెమెరా మాత్రం స్టాండు మీద ఆగకుండా అంతా తీస్తూనే ఉంది.

"మిమ్మల్ని ఎవరు పడమన్నారు?" ఫాంగ్ గొంతు చించుకుంది.

"అన్న భుజం కదిలింది కదా మేడమ్," అన్నాడు ఆ-కౌ నేల మీంచే. "ఆ భుజం కదిలితే మేం పడాలి. ఎందుకని ఎప్పుడూ అడగలేదు."

చప్పుడు విని ముయ్ అవ్వ వచ్చింది. గరిట తీసుకుని డేగిశాలో వెతికి దేవుణ్ణి పైకి తీసింది. గడ్డానికి ముల్లంగి ముక్క అంటుకుని ఉంది.

"చేతిలో పైసా పెట్టుబడి లేని రోజుల్లో మా ఆయన చేతుల మీద మోసుకొచ్చిన దేవుడు," అంది. "పోలీసొచ్చినా రౌడీ వచ్చినా ముందు ఈయనకి దణ్ణం పెట్టాకే నాతో మాట్లాడతారు."

ఎవరో హంగ్ కట్లు విప్పారు. అతను వెళ్ళి ఆమె ముందు చేతులు జోడించాడు. "తప్పైపోయింది అవ్వా. నా చేతులతో కొత్త మందిరం కట్టి..."

చెంప ఛెళ్ళుమంది. సూపు తడి చెయ్యి, మోత ఇంకాస్త ఎక్కువే వచ్చింది.

హంగ్ చెయ్యి లేవలేదు. జోడించిన చేతులు జోడించినట్టే ఉన్నాయి. తల మెల్లగా వాలింది. పెదవి ఒక్కసారి వణికింది. వారం రోజులు అద్దం ఇవ్వనిదంతా ఆ క్షణంలో ఆ మొహం మీదికి వచ్చి కూర్చుంది.

అందర్నీ వీధిలోకి తోసి అవ్వ తలుపు వేసుకుంది. పేవ్‌మెంటు మీద మానిటర్ పెట్టుకుని చూస్తే, కెమెరా అంతా పట్టేసింది. ఫాంగ్‌కి కళ్ళనీళ్ళు వచ్చాయి. "అన్నా, ఇదీ నటనంటే! చెయ్యెలా ఆపారు?"

"ఆపలేదమ్మా. తప్పు నాదే కదా. అందుకే అది కూడా ఊరుకుంది."

అప్పుడు చూసింది ఫాంగ్, మానిటర్‌లో హంగ్ వెనకాల. దెబ్బకి హంగ్ భుజం వెంట్రుకవాసి అదిరింది. వెనకాల నలుగురూ, అప్పుడే లేచి దుమ్ము దులుపుకుంటున్నవాళ్ళు, మళ్ళీ కుప్పకూలారు. ఎవరూ తాకకుండానే.

ఫాంగ్ తలుపు కొట్టింది. "అవ్వా, ఒక్కసారి! మళ్ళీ ఒక్కసారి కొడితే చాలు!"

"కొట్టడానికైతే నేనే బయటికొస్తా," అని లోపల్నుంచి జవాబు. "మీరు మాత్రం లోపలికి రాకండి."

వేరే దారి లేక ఆ షాటే ఉంచేశారు. కథలో హోటల్ యజమానికి అప్పటికప్పుడు ఒక తల్లి పుట్టుకొచ్చింది. మూడో రోజున హంగ్ వెళ్ళి గోడకి కొత్త మందిరం బిగించాడు. అవ్వ పక్కన నిలబడి ఎక్కడెక్కడ వంకరగా ఉందో చెప్పింది.

సినిమా ఎక్కడో చలిదేశంలో పెద్ద బహుమతి కొట్టింది. బహుమతి ఇచ్చిన పెద్దలు రాసింది పేపర్లో వస్తే, టీ కొట్టులో ఆ-కౌ అందరికీ చదివి వినిపించాడు. "ఒక వలస కూలీ చెంప మీద దెబ్బ పడితే నలుగురు నేలకూలతారు. ఇంతకంటే గొప్పగా ఆ జనం దుఃఖాన్ని ఇంతవరకూ ఎవరూ చూపలేదు."

"ఇన్నేళ్ళు పడ్డాం," అన్నాడు ఆ-కౌ, నడుము సవరించుకుంటూ. "దుఃఖమని ఒక్కడూ చెప్పలేదు."

"నా గురించి ఏం రాశారు?" హంగ్ టీ కప్పు కింద పెట్టి అడిగాడు.

ఆ-కౌ పేపరంతా రెండుసార్లు వెతికాడు. హంగ్ గురించి కూడా ఒక ముక్క ఉంది. చెంప మీది అయిదు వేళ్ళ అచ్చు మేకప్ చాలా సహజంగా కుదిరిందట.