శుక్రవారం సర్దిన కేబుల్

ఆ శుక్రవారం, కాంట్రాక్టు మీద నెట్‌వర్క్ చూసే వెనింగ్ ఒకే ఒక్క పని మనసులో పెట్టుకుని పొద్దున్నే ఆఫీసుకు వచ్చింది. నలభై ఎనిమిది నెట్‌వర్క్ పోర్టులకూ కాపలా పెట్టాలి. కిందటి నెల ఎవరో ఒక కేబుల్ రెండు కొసలనూ మెట్ల కింద ఉన్న ఒకే నెట్‌వర్క్ స్విచ్‌లో గుచ్చారు. దాంతో మలాంగ్ పట్నం దగ్గరి ఆ మండలాఫీసు మొత్తం నెట్ పడిపోయింది. "ఇంకొక్కసారి ఇలా అయితే నీ కాంట్రాక్టు పొడిగించను," అని మండలాధికారి హర్జోనో మొహం మీదే చెప్పారు. ఈ కాపలా ఉంటే ఇకమీదట అలాంటి కేబుల్ తగిలితే ఆ ఒక్క పోర్టే తనంతట తాను మూసుకుంటుంది. ఎనిమిదికల్లా పని ముగించి, ఇప్పుడు నెట్‌ను పడిపొమ్మను, చూస్తాను అనుకుంది వెనింగ్.

అప్పుడే ప్రతివారం చేసే శుక్రవారం శుభ్రత మొదలైంది. అందరూ చీపుర్లూ గుడ్డలూ పట్టారు. అధికారిగారైతే మోకాళ్ళ మీద బల్లల కిందికే దూరారు.

తొమ్మిదింటికి జననాల నమోదు చూసే సుప్రాప్తి ఇబూకు, అదే సుప్రాప్తి అమ్మగారికి, నెట్ పోయింది. ప్రింటర్ కోసం ఆవిడ సొంతంగా కొనుక్కున్న, నెట్‌ను రెండుగా పంచే చిన్న స్విచ్ డబ్బా బల్ల కింద ఉంది. పక్క బల్ల స్లామెత్ చూస్తూ ఊరుకునే రకం కాదు.

"నా పోర్టులో పెట్టుకోండి ఇబూ. నాకివాళ సంతకాలే."

డబ్బా తీగను అందులో పెట్టారు. అదీ పోయింది.

"అయ్యో, నా మూలంగా నీదీ పోయె."

"దానికేముంది, ఆ పక్క బల్ల రుకాయా ఇబూది ఉందిగా."

ఆ ఊళ్ళో ఒకరికి ఇబ్బంది వస్తే పదిమందీ చెయ్యి వేయాల్సిందే. గోతోంగ్ రోయోంగ్ అనే ఆ సాయమంటే వాళ్ళకు ప్రాణం. డబ్బాను బల్ల నుంచి బల్లకు ఊరేగించారు, వెనకాలే వేయించిన అరటిపండ్ల పళ్ళెం. పదిన్నరకల్లా పదకొండు పోర్టులు మూతపడ్డాయి.

తెర మీద అవి వరసగా ఆరిపోవడం చూసిన వెనింగ్ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. అధికారిగారు ఎదురుగానే ఉన్నారు.

"ఆఫీసంతా చచ్చింది. నేను ముందే చెప్పానా లేదా?"

"పదకొండు బల్లలే, బాపక్. కౌంటర్ వైపు వినండి," అంది వెనింగ్ మర్యాద తప్పకుండా.

గుర్తింపు కార్డులు టకటకా అచ్చవుతున్నాయి. వరసలో ఉన్న జనానికి ఏం జరిగిందో కూడా తెలియదు. వెనింగ్‌కు గుండె నిబ్బరం వచ్చింది. నేల మీద కూర్చుని డబ్బాను తిప్పి చూసింది. ఒకే కేబుల్, రెండు కొసలూ అందులోనే, మధ్యలో ముచ్చటగా ఆకుపచ్చ దారంతో కట్టిన ముడి.

"ఇది సర్దిందెవరు?"

అందరికీ ఒక్కసారిగా అరటిపండ్ల మీద ధ్యాస మళ్ళింది.

"కొస వేలాడుతూ కనిపించింది," అన్నారు హర్జోనో మెల్లగా. "చూడ్డానికి బాగాలేదని."

"కిందటి నెల మెట్ల కింద కూడా వేలాడిందా, బాపక్?"

వెనింగ్ సంచిలోంచి కాంట్రాక్టు పొడిగింపు కాగితం తీసి, కలం మూత విప్పి మరీ అందించింది. ఆయన నిలబడే సంతకం పెట్టారు.

మరుసటి శుక్రవారం నుంచి శుభ్రతలో అధికారిగారికి పెరటి తోట అప్పగించారు. అక్కడున్న వైరు నీళ్ళ మోటారుది ఒక్కటే.