ఆహ్లాద నిరోధక పార్కు

ఒక పార్కుకు పొంచి ఉన్న అతిపెద్ద ప్రమాదం కరువు కాదు, చెదలు కాదు; అందులోకి వచ్చి హాయిగా కూర్చునే జనం. ఈ సత్యాన్ని లోకానికి లిఖితపూర్వకంగా అందించిన ఘనత కాలనీ పార్కు పరిరక్షణ సంఘం కార్యదర్శికే దక్కుతుంది. (సంఘానికి అధ్యక్షుడు కూడా ఉన్నాడు. ఆయన సంతకం చూపించిన చోట పెడతాడు.)

కార్యదర్శి గృహిణి. డిగ్రీ ఫస్టు క్లాసులో పాసయింది. ఆ చదువును ఇన్నేళ్లూ మందుల డబ్బాల మీది సూచనలు ఆసాంతం చదవడానికీ, శుభలేఖల్లో తప్పులు దిద్దడానికీ వాడుతూ వచ్చింది. అలాంటి సమయంలో నగరపాలక సంస్థ పార్కును అభివృద్ధి చేస్తామని ప్రకటించింది. నలభై ఒక్క చెట్లు, మూడు సిమెంటు బెంచీలు, ఒక మట్టి బాట ఉన్న చోట (చెట్లను ఆవిడే లెక్కపెట్టింది, రెండుసార్లు) పడవల కొలను, పిల్లల రైలు, రంగుల ఫౌంటెను వస్తాయట. చెట్లు మాత్రం పోతాయట.

ఆవిడ మూడు మధ్యాహ్నాలు కుదురుగా కూర్చుని అర్జీ రాసింది. పార్కుకు నిధులివ్వండి, వినోదం మాత్రం వద్దు అన్నది సారాంశం. ఆరో నిబంధన ఆవిడకు ప్రత్యేకంగా నచ్చింది: "వినోదమనగా మనిషికి ఆహ్లాదము కలిగించు ఏ పనియైనను. ఎట్టి మినహాయింపులు లేవు."

భర్త చదివి, "కాస్త ఎక్కువైందేమో?" అన్నాడు.

"సందు వదిలితే పడవ దూర్చేస్తారండీ."

అర్జీ ఒక్క కామా మారకుండా ఆమోదం పొందింది. అలా జరగడం నగర చరిత్రలోనే మొదటిసారి అన్నారు. ఆవిడ వారం రోజులు నేలమీద నడవలేదు.

నిధులొచ్చాయి. వాటిని వినోదానికి వాడకూడదు కాబట్టి రక్షణకు వాడారు. గోడ కట్టారు, గేటు పెట్టారు, తాళం వేశారు, వాచ్‌మన్‌ను నియమించారు. ఆరో నిబంధనను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించారు. కాలు విరిగిన బెంచీని బాగుచేయమని కార్యదర్శి అడిగితే, పనిలేకుండా కూర్చోవడం ఆరో నిబంధన కిందికి వస్తుందని జవాబు వచ్చింది. మిగతా రెండు బెంచీలను కూడా తీసుకెళ్లి గదిలో పెట్టారు. (గది కొత్తగా కట్టించారు. బెంచీలు అందులో చాలా క్షేమంగా ఉన్నాయి.) కార్యదర్శికి కాస్త చివుక్కుమంది కానీ, రాసింది తనే కనుక లోపల్లోపల మెచ్చుకుంది.

అంతలో ఆవిడ అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ అరగంట మెత్తటి మట్టి మీద నడవాలనీ, లేకపోతే కాలు బిగుసుకుపోతుందనీ డాక్టరు చెప్పాడు. ఇంట్లో హాలు పొడవు తొమ్మిది అడుగులు. వీధిలో స్కూటర్లు. ఇక ఉన్నది పార్కే.

కోడలు అత్తగారిని ఆటో ఎక్కించుకుని ఉద్యానవన విభాగానికి వెళ్లింది. ఆవిణ్ణి చూడగానే అధికారి లేచి నిలబడ్డాడు.

"మీరా మేడమ్! మాకు ట్రైనింగులో మీ అర్జీనే పాఠం."

విషయం చెప్పింది. ఆయన ఎంతో మర్యాదగా ఒక ఫారం తీశాడు. చికిత్స కోసమైతే నడవొచ్చు. ఒకే ఒక్క ప్రశ్న ఉంది.

"బామ్మగారూ, చెట్ల కింద నడుస్తుంటే మీకు ఆహ్లాదం కలుగుతుందా?"

"కలగదూ మరి? గాలొస్తుంది, పిట్టలు అరుస్తాయి. నువ్వెప్పుడూ వెళ్లలేదా నాయనా?"

అధికారి కలం మూసేశాడు. "నన్నేం చేయమంటారు మేడమ్? మీరేమో ఎట్టి మినహాయింపులు లేవన్నారు."

కార్యదర్శి తన అర్జీని తనే మళ్లీ చదివింది. సందు దొరకలేదు. చాలా బాగా రాసింది.

"పోనీ, ఆహ్లాదం కలగకుండా చూసేవాళ్లెవరైనా నా పక్కన ఉంటే?" అంది అత్తగారు.

"ఎవరుంటారు?"

"ఇదిగో, మా కోడలు."

అధికారి ఇద్దరినీ ఒకసారి చూశాడు. ఎలాంటి విచారణా లేకుండా అనుమతి రాసిచ్చాడు.

అలా సాయంత్రాలు మొదలయ్యాయి. వాచ్‌మన్ గోడ పక్కనుంచి ఇద్దరి ముఖాలూ గమనిస్తూ రిజిస్టర్లో రాసుకునేవాడు. మొదటి రోజుల్లో అతనికి ఏ ఇబ్బందీ రాలేదు. ఇంట్లో ఆ ఇద్దరి మధ్యా మాటలంటే కుక్కరు, మందులు, తలుపు గడియ. ఇక్కడ వేరే పనేమీ లేకపోవడంతో మెల్లగా కబుర్లు పుట్టాయి. మోకాలు వంగడం మొదలుపెట్టింది. రెండో వారంలో ఒకరోజు అత్తగారు అడిగింది.

"అమ్మాయ్, పిట్టలకు కూడా ఇక్కడ ఆహ్లాదం కలుగుతోంది కదా. వాటి సంగతి రాయలేదేం?"

"మనిషికి అని రాశాను అత్తయ్యా. పిట్టల్ని మర్చిపోయాను."

"నువ్వా? మర్చిపోయావా?" అని అత్తగారు చెట్టు పట్టుకుని మరీ నవ్వింది. కోడలికీ ఆగలేదు.

మర్నాడే నోటీసు వచ్చింది. 'గురువారం సాయంత్రం ఐదూ నలభైకి, ఏడో చెట్టు వద్ద, నవ్వు.' సంజాయిషీ ఇవ్వకపోతే అనుమతి రద్దు.

డాక్టరేమో ఇంకో రెండు నెలలు నడక ఆపొద్దన్నాడు. అత్తగారు నోటీసు చూసి పక్కన పెట్టి లేచింది. హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తొమ్మిది అడుగులు వేసి, వెనక్కి తిరగలేక గోడ పట్టుకుని నిలబడింది.

కార్యదర్శి జన్మలో ఎక్కడా అబద్ధం మీద సంతకం పెట్టలేదు. రేషన్ కార్డులో వయసు కూడా సరిగ్గానే రాయించింది. ఆ రోజు భోజనాల బల్ల తుడిచి, కాగితం పరిచి, గుండ్రటి అక్షరాలతో రాసింది: "సదరు నవ్వు నన్ను ఎగతాళి చేయుటకు నవ్వినది. నా సమక్షంలో మా అత్తగారికి ఎన్నడూ ఆహ్లాదము కలుగలేదని, నావలన మా ఇంటిలో ఎవరికీ కలుగలేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."

అత్తగారు వేలిముద్ర కాకుండా పూర్తి సంతకం పెట్టింది. పెడుతూ కోడలి చేయి ఒకసారి నొక్కింది. (అక్కడ వాచ్‌మన్ లేడు.)

సంజాయిషీకి కుటుంబంలోంచి ఒక సాక్షి కావాలని నోటీసు కింద చిన్న అక్షరాల్లో ఉంది. భర్త ఆఫీసుకు వెళ్తూ, చెప్పులు వేసుకుంటూనే సంతకం చేశాడు.

"చదవకుండా పెట్టకండి. అది పరిపాటి అయిపోతుంది," అంది ఆవిడ.

అతను కాగితం వెనక్కి తీసుకుని మొదటినుంచీ నిదానంగా చదివాడు. 'ఎన్నడూ' కింద ఒక గీత గీసి, ఈసారి తేదీ కూడా వేశాడు.