సంపులోకేనా సార్?

ఆదివారం పొద్దున్న అరసున్న మంచం దిగేసరికే ఆ రోజు పనంతా ఆయన బుర్రలో కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా సిద్ధంగా ఉంది. పదింటికల్లా ప్లంబరు పని ముగించాలి. పదకొండు నుంచి ముందుగదిలో చప్పుడనేది వినపడకూడదు. నాలుగింటికి చేపల కొట్టాయన వచ్చి బెల్లు కొడితే, అనవసరంగా శ్రమ ఇచ్చామండీ అని నవ్వుతూ చెప్పి, ఖాళీ చేతులతో పంపించెయ్యాలి.

అరసున్న ఆయన అసలు పేరు కాదు. ముప్ఫై ఏళ్ళుగా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్నాడు. ఒకసారి పాత వ్యాకరణం పుస్తకంలో, ఇప్పుడెవరికీ అక్కర్లేని అరసున్న ఒకటి జారిపోయిందని పదహారు పేజీల ఫారం మొత్తం మళ్ళీ అచ్చు వేయించాడు. ఆ రోజున అంటుకున్న పేరు ఇంటిదాకా వచ్చేసింది. ఆయనకి రెండు నియమాలున్నాయి. అచ్చుతప్పు ఉండకూడదు. వరుసగా రెండు వాక్యాల్లో ఒకే మాట రెండుసార్లు రాకూడదు. మొదటి నియమం వల్ల ఆయనకి జీతం వస్తోంది. రెండోదాని వల్ల ఏమొచ్చిందో చెప్పడానికే ఈ కథ.

ముందుగదిలో కిటికీ పక్కన ఆయన ప్రాణమంతా ఉంది. మూడడుగుల అక్వేరియం, అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళ మీద ఊదారంగు పగడాలు, వాటి మధ్య తెల్లచారల నారింజరంగు చేపలు రెండు. ఎప్పుడూ ఒళ్ళు వంచుకుని తిరిగేదాన్ని ఆయన కామా అనేవాడు. ఒకేచోట నిలబడి చూసేది ఫుల్‌స్టాపు. ఆయన భార్య మాత్రం వాటిని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఆవిడ లెక్కల టీచరు, ముందుగదిలోనే కూర్చుని ఫోన్లో పిల్లలకి పాఠాలు చెబుతుంది. అక్వేరియం కింద నీళ్ళు శుభ్రం చేసే మోటారు రోజంతా గురగురమంటూ ఉంటుంది. పోయిన వారం ఒక పిల్ల పాఠం మధ్యలో చెయ్యెత్తి, "టీచర్, మీ వెనకాల ఎవరో పుక్కిలిస్తున్నారు" అంది. మిగతా పిల్లలు ఆ పూటంతా లెక్కలు మానేసి పుక్కిలింతలు పట్టారు.

సోమవారం నుంచి పరీక్షల బ్యాచి మొదలు. చప్పుడైనా పోవాలి, చేపలైనా పోవాలి అని ఆవిడ తేల్చి చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, వాటిని కొన్న చేపల కొట్టుకి ఫోన్ చేసి, తీసుకెళ్ళడానికి ఆదివారం నాలుగింటికి రమ్మని కూడా చెప్పింది. అరసున్నకి రెండు రాత్రులు అన్నం సయించలేదు.

మూడో రోజున ఎక్కడో చదివి ఉపాయం కనిపెట్టాడు. చేపల నీళ్ళు గొట్టంలోంచి ఇంటి కింద సెల్లారులోకి దిగుతాయి. అక్కడ ఒక టబ్బులో పడి శుభ్రమవుతాయి. టబ్బులో ఉన్న మోటారు వాటిని రెండో గొట్టంలోంచి మళ్ళీ పైకి పంపుతుంది. గురగుర అంతా కిందే ఉండిపోతుంది. ఇలాంటి టబ్బుని చేపలవాళ్ళు సంపు అంటారు. ఆ మాట నేర్చుకున్న దగ్గర్నుంచి ఆయన దాన్ని ఇంకోలా పిలవలేదు. నీలంరంగు ప్లాస్టిక్ టబ్బు తెచ్చుకుని, దాన్ని తడుముతూ, నా సంపు, నా సంపు అని మురిసిపోయాడు.

అదే సెల్లారులో అందరూ తాగే నీళ్ళు నిలవుండే సిమెంటు సంపు ఒకటి ఇనపమూత కింద ఎప్పటినుంచో ఉందన్న సంగతి ఆయనకి తెలియక కాదు. గుర్తు రాలేదంతే.

అనుమతి కోసం మొదటి అంతస్తులో ఉండే రిటైర్డు జడ్జిగారి దగ్గరికి వెళ్ళాడు. ఆ ఇంటి మూడు వాటాలకీ ఆయనే పెద్ద. సెల్లారులో ఒక సంపు పెట్టుకుంటానండీ అనగానే జడ్జిగారి మొహం వెలిగిపోయింది. నీళ్ళకి కటకటగా ఉన్న రోజుల్లో సొంత డబ్బుతో ఇంకో సంపు పెట్టిస్తానన్నవాడు ఎవరున్నారు? వెంటనే సంతకం చేశారు. ఇంత చిన్న విషయానికి అంత మెచ్చుకోలు ఎందుకో అరసున్నకి అర్థం కాలేదు గానీ, వద్దనలేదు.

ప్లంబరు ఎనిమిదింటికి వచ్చాడు. నోటిమాటల మీద అరసున్నకి నమ్మకం లేదు కాబట్టి రాత్రే చీటీ రాసి, రెండుసార్లు చదివి, ఎర్రసిరాతో దిద్ది ఉంచాడు. దాన్ని ప్లంబరు చేతిలో పెట్టి, ఇందులో ఉన్నట్టు చేస్తే చాలన్నాడు. ప్లంబరు చీటీని నిదానంగా చదివాడు, కాస్త ఆగి ఇంకోసారి చదివాడు, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని కిందికి దిగాడు. అరసున్న పైన అక్వేరియం దగ్గర నిలబడ్డాడు. నేలకి వేసిన కన్నంలోంచి గొంతు వినిపించింది.

"సార్, ఈ పైపు సంపులోకేనా?"

"సంపులోకే."

"సార్, చేపల నీళ్ళు కదా. సంపులోకేనా?"

"సంపులోకేనయ్యా."

"ఇంకోసారి ఆలోచించుకోండి సార్."

"ఆలోచించే రాశాను. సంపులోకే."

ఎంత జాగ్రత్తపరుడో అని అరసున్న ముచ్చటపడ్డాడు. పదింటికి స్విచ్చి వేశారు. అక్వేరియంలో నీళ్ళు ఒక పక్కనుంచి మెత్తగా వస్తున్నాయి, ఇంకో పక్కనుంచి మెత్తగా పోతున్నాయి. చప్పుడు లేదు. భార్య వచ్చి, చెవి ఒగ్గి విని, "బాగానే ఉంది" అంది. పెళ్ళయ్యాక ఆవిడ నోట ఆ మాట రావడం అది మూడోసారి. ప్లంబరు సామాను సర్దుకుని ఇంకో పని మీద వెళ్ళిపోయాడు.

పావుగంట తర్వాత పైకి నీళ్ళు రావడం ఆగిపోయింది.

అరసున్న సెల్లారులోకి పరిగెత్తాడు. నీలం టబ్బు ఖాళీ. నేలంతా పొడిగా ఉంది, ఎక్కడా చుక్క కారలేదు. పైకి వచ్చి చూస్తే అక్వేరియం నిండుగానే ఉంది, కామా, ఫుల్‌స్టాపు హాయిగా తిరుగుతున్నాయి. నూరు లీటర్ల నీళ్ళు ఎటుపోయినట్టు? గాలిలో కలిశాయా అనుకున్నాడు. పావుగంటలో నూరు లీటర్లు ఎండిపోవాలంటే సూర్యుడు సెల్లారులోనే కాపురం పెట్టాలి. ఒక అక్షరానికి కొమ్ము లేకపోతే పది అడుగుల దూరంనుంచి పట్టుకునే ఆ కళ్ళకి, టబ్బులో రెండు గొట్టాలు ఉండాల్సిన చోట ఒకటే ఉందని కనిపించలేదు. ప్రూఫులు దిద్దేవాళ్ళకి వచ్చే జబ్బే అది. ఉండాల్సింది ఉందనుకుని చదివేస్తారు.

కుళాయి నీళ్ళు బకెట్లతో మోసి, సముద్రపు ఉప్పు కొలిచి కలిపి, టబ్బు నింపి మోటారు వేశాడు. పావుగంటకి మళ్ళీ ఖాళీ. మళ్ళీ నింపాడు. మళ్ళీ ఖాళీ. నాలుగోసారి ఇంకో వింత జరిగింది. ఉప్పు కొలిచే సూది పూర్తిగా కుడివైపుకి ఒరిగిపోయింది. అంతా కొలత ప్రకారమే వేశాడు కదా. ఉప్పు సగానికి తగ్గించి చూశాడు. సూది దిగలేదు. చివరికి ఉప్పు వెయ్యని వట్టి కుళాయి నీళ్ళలో ముంచాడు. అయినా సూది ఒప్పుకోలేదు. పరికరం చెడిపోయిందని నిర్ధారించుకుని దాన్ని మెట్ల మీద బోర్లించాడు. చేపల మీద ఆశకి నీళ్ళొదులుకోవాలేమో అనిపించింది, కానీ వదులుకోవడానికి కూడా టబ్బులో నీళ్ళు లేవు.

పైకి వచ్చేసరికి భార్య టీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చక్కెర డబ్బాలో మీ ఉప్పు పోశారా అని అడిగింది. లేదన్నాడు. ఆవిడ నమ్మలేదు. డబ్బాడు చక్కెర పారబోసి, కొత్త పొట్లం విప్పి, మళ్ళీ టీ పెట్టి తాగి, ఆయన వంక చూసింది. అదీ ఉప్పగానే ఉంది.

ఇంతలో జడ్జిగారి కోడలు కళ్ళు తుడుచుకుంటూ దిగింది. డాక్టరు ఉప్పు మానెయ్యమన్న దగ్గర్నుంచి ఆరు నెలలుగా జడ్జిగారికి చప్పిడి తిండే పెడుతోంది, ఆరు నెలలుగా తిట్లు తింటోంది. ఈ పూట ఆయన పళ్ళెం ఖాళీ చేసి, ఇన్నాళ్ళకి నీకు వంట వచ్చింది తల్లీ అని దీవించారట.

"చిటికెడు కూడా వెయ్యలేదక్కా" అందామె. "మావయ్యకి మతి తప్పుతోందేమోనని భయంగా ఉంది."

మతి తప్పుతోంది మావయ్యకి కాదేమో అని అరసున్న భార్యకి అనిపించింది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళి కుళాయి నీళ్ళు దోసిట్లో పట్టి రుచి చూశారు. సరిగ్గా అప్పుడే రెండో అంతస్తు బస్సు డ్రైవరు తలనిండా నురగ రాని షాంపూతో, భుజం మీద తువ్వాలుతో మెట్లు దిగాడు. అరగంటగా రుద్దుతున్నా తల జిగురుగానే ఉంది, కళ్ళు మండిపోతున్నాయి, పొద్దున్నించీ సెల్లారులో ఎవరేం చేస్తున్నారో తనకి చెప్పాలన్నాడు.

ఐదు నిమిషాల్లో అందరూ సెల్లారులో ఉన్నారు. జడ్జిగారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని విచారణ మొదలుపెట్టారు. కొత్త సంపు పెట్టింది నువ్వే కదా అన్నారు. నేనేనండీ అన్నాడు అరసున్న. అందులో నీళ్ళు ఉప్పగా ఎందుకున్నాయి అన్నారు. ఉప్పగానే ఉండాలి కదండీ అన్నాడు. జడ్జిగారు గుమాస్తా కోసం అలవాటుగా పక్కకి చూశారు.

"అందరూ తాగే సంపులో ఉప్పు ఎందుకు కలిపావయ్యా?"

"ఎవరూ తాగరండీ. అది చేపల సంపు. అయినా అందులో ఇప్పుడు నీళ్ళే లేవు."

"లేని నీళ్ళు మా కుళాయిల్లోకి ఎలా వచ్చాయి?"

అరసున్న నీళ్ళు నమిలాడు. ఆ రోజు ఆ ఇంట్లో ఉప్పు లేకుండా దొరికినవి అవే. సంపు అని ఆయన ఒకటంటే, సంపు అని వాళ్ళు ఇంకొకటి వింటూ పది నిమిషాలు గడిపారు. డ్రైవరు తల ఎండి అట్టకట్టింది.

భార్య ఫోన్ చేస్తే ప్లంబరు వచ్చాడు. ఎవరూ అడక్కుండానే వెళ్ళి మూలన ఉన్న ఇనపమూత ఎత్తాడు. గోడవెంట దిగిన తెల్లటి గొట్టం సిమెంటు సంపులోకి తిన్నగా వెళ్ళింది. కదలకుండా దానికి రెండు క్లాంపులు కూడా బిగించి ఉన్నాయి. పొద్దున్నించీ చేపల నీళ్ళన్నీ పోయింది అందులోకే.

"మూడుసార్లు అడిగాను సార్" అన్నాడతను. "మీరు రాసిందే చేశాను." జేబులోంచి చీటీ తీశాడు.

జడ్జిగారు కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు. "ఒకటి. అక్వేరియం నుంచి దిగే గొట్టాన్ని సంపులోకి వదలాలి. రెండు. నీలం టబ్బులోని మోటారు నుంచి ఇంకో గొట్టం పైకి రావాలి." కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. "రెండో వాక్యంలో ఏదో కొట్టేశావు. ముందు ఇక్కడా సంపు అనే రాశావు. దాని మీద ఎర్రసిరాతో నీలం టబ్బు అని దిద్దావు. ఎందుకు?"

అరసున్న తల దించుకున్నాడు. "ఒకే మాట రెండుసార్లు వచ్చిందనండీ."

ప్లంబరు పొద్దున్నించీ మోస్తున్న బరువు దింపుకున్నవాడిలా నిట్టూర్చాడు.

డ్రైవరు ముందు తేరుకున్నాడు. ఇదంతా ఆ చేపల వల్లే వచ్చింది, ఈ రోజే అవి ఇల్లు వదలాలన్నాడు. జడ్జిగారు గడ్డం నిమురుకుంటూ, అదే న్యాయంగా కనిపిస్తోందన్నారు. పైనుంచి బెల్లు మోగింది. నాలుగైంది. చేపల కొట్టాయన సమయానికి వచ్చాడు. ఇక చెప్పుకోవడానికి ఏమీ లేదని అరసున్న మెట్లవైపు అడుగు వేశాడు.

"ఆగండి" అంది భార్య. ఆయన్ని కాదు, అందరినీ. "చీటీ రాసింది చేపలా? తప్పు చేసింది ఈయన. ఎవర్నైనా పంపించెయ్యాలంటే ఈయన్ని పంపిస్తాను, తీసుకెళ్ళేవాళ్ళుంటే తీసుకెళ్ళండి. కామా, ఫుల్‌స్టాపూ ఎక్కడికీ వెళ్ళవు."

అరసున్న ఆవిడ వంక చూశాడు. వాటి పేర్లు ఆవిడకి తెలుసని ఆయనకి ఇవాళే తెలిసింది. ఆవిడ మాత్రం ఆయన్ని పట్టించుకోకుండా పైకి వెళ్ళింది. కొట్టాయనతో ఏం చెప్పిందో కిందికి వినపడలేదు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో చేపల మేత పొట్లం ఉంది.

తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ ముందుకు రాకపోవడంతో జడ్జిగారు తీర్పు మార్చారు. చేపలు ఉండొచ్చు. అరసున్న సొంత చేతులతో సిమెంటు సంపు తోడి, కడిగి, మంచినీళ్ళతో నింపించాలి. డ్రైవరు తలకి కావలసిన నీళ్ళు బయటినుంచి తెప్పించి ఇవ్వాలి. తోడడం మొదలయ్యాక జడ్జిగారు ఒక జగ్గు పట్టుకుని ఎవరూ చూడకుండా సంపు దగ్గరికి వచ్చారు. కోడలు వెనకాలే వచ్చి జగ్గు తీసుకుని వెళ్ళిపోయింది.

చీకటి పడేలోపు ప్లంబరు గొట్టం మార్చడానికి మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి నోటితో చెబితే చాలు సార్ అన్నాడు గానీ, అరసున్న వినలేదు. కొత్త చీటీ రాశాడు. మూడు వాక్యాలు, ఎర్రసిరా లేదు, కొట్టివేత లేదు, సంపు అనే మాట లేదు.

నీలం టబ్బు మాత్రం పదకొండుసార్లు ఉంది.