తగువు ఆర్డరు

మానవజాతి ఇన్ని వేల ఏళ్ళుగా హింసను అరికట్టలేకపోవడానికి కారణం ఒక్కటే: దానికి ఎవరూ లైను పెట్టలేదు. మునులు శాంతమన్నారు, మహాత్ములు దయ అన్నారు, ప్రభుత్వాలు లాఠీ అన్నాయి. ‘వంతు వచ్చేదాకా ఆగు’ అన్న చిన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆ మాట అన్న మొట్టమొదటి మనిషి తొంభై నాలుగు ఎన్నికల్లో చోడవరం నుంచి ఇండిపెండెంటుగా నిలబడిన శ్రీ గణపతిరావుగారు. గుర్తు బెంచీ.

గణపతిరావుగారు పూర్వాశ్రమంలో చెరకు సూపర్‌వైజరు. చెరకు ఊళ్ళలో పుట్టినవాళ్ళకి కోత ఆర్డరు గురించి చెప్పనక్కర్లేదు గానీ, బయటివాళ్ళ కోసం ఒక ముక్క. పొలం నీదే, చెరకు నీదే, కత్తీ నీదే. అయినా ఫ్యాక్టరీ ఆర్డరు రాందే గడ నరకడానికి వీల్లేదు. ఫీల్డుమేన్ వచ్చి, గడ విరిచి, తీపి చూసి, పక్వానికి వచ్చిందంటేనే నీ వంతు. ఆర్డరు కోసం ఎదురుచూసే రైతు మొదట నిప్పులు కక్కుతాడు, తర్వాత గొణుగుతాడు, ఆఖరికి పక్కవాణ్ణి బీడీ అడుగుతాడు. జీవితమంతా ఇది చూసిన గణపతిరావుగారికి ఒకనాడు జ్ఞానోదయమైంది.

ఎన్నికలు ఇంకా ఆర్నెల్లు ఉండగానే ఆయన బస్టాండు ఎదుట మైకు పెట్టించారు. “అన్నలారా, అక్కలారా! కత్తి ఒకటే. గడ మీద పడాలంటే ఆర్డరు కావాలంట. మెడ మీద పడాలంటే అక్కర్లేదంట! ఇదేటి న్యాయం? ఈరోజు నుంచి ఆర్డరు లేకుండా చోడవరంలో ఎవుడూ ఎవుర్నీ కొట్టడానికి వీల్లేదు!”

ఆ మాట విని, రోడ్డుకి ఇవతల తోపుడుబండి మీద పునుకులు వేస్తున్న అచ్చియ్యమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. మూకుడులో పునుకులు నల్లబడ్డాయి.

అచ్చియ్యమ్మ మొగుడు సత్యారావు బెల్లం దిమ్మలు ఎత్తే కళాసీ. వారమంతా మంచివాడే (అని ఆ సంబంధం కుదిర్చినవాళ్ళు ఇప్పటికీ అంటారు). శనివారం కూలి చేతిలో పడిందంటే ముందు బ్రాందీ కొట్టుకెళ్ళి, తర్వాత ఇంటికొచ్చి, అచ్చియ్యమ్మని కొట్టేవాడు. కారణం ఉండేది కాదు. కారణం వెతికే ఓపిక అతనికి లేదు. ఆదివారం బండి దగ్గరికొచ్చినవాళ్ళు “ఆ మచ్చేటి?” అంటే “నూని సిందింది” అనేది. చోడవరంలో అంతగా చిందే నూనె ఆ ఒక్క బండి మీదే ఉండేది.

ఆమె ఆలోచన చాలా తిన్నగా ఉంది. కొట్టాలంటే ఆర్డరు కావాలి. ఆర్డరు కావాలంటే లైనులో నిలబడాలి. రేషను కిరసనాయిలుకి పంపితే సగం లైనులోంచి తిరిగొచ్చేసే మనిషి, దీనికి నిలబడతాడా! ఆ రాత్రి ఆమె గణపతిరావుగారికి మనసులోనే ఓటు వేసేసింది.

మాడుగుల రోడ్డులో ఖాళీగా ఉన్న ఆయన బెల్లం గొడౌనులో ‘క్రమబద్ధ శాంతి కార్యాలయం’ వెలిసింది. అనకాపల్లి నుంచి ఆబిద్ అనే టైపిస్టును తెచ్చారు. ఫీల్డుమేన్‌గా పనిచేసి మానేసిన పరదేశిని కోపం పరీక్షకుడిగా వేసుకున్నారు. దరఖాస్తు పెట్టిన ప్రతివాడి నాడి పట్టుకుని పరదేశి అతని శత్రువు పేరు చెవిలో చెప్పేవాడు. నాడి గంతులేస్తే పక్వం. లేకపోతే “ఇంకా పచ్చిగుంది బాబూ, పున్నమెల్లాక రా” అని పంపేసేవాడు. కొత్త తగువు మొక్క తోట కింద, తాతలనాటి తగువు నరికిన మోడులా మళ్ళీ చిగిర్తే కార్శి తోట కింద లెక్క. కార్శికి ముందు వంతు. ఆర్డరు మీద తిన్న దెబ్బకి దూది, టింక్చరు ఉచితం. ఆర్డరు లేని దెబ్బకి ఎవరి టింక్చరు వాళ్ళదే.

జనం ఒప్పుకున్నారా అని అడుగుతారేమో. మనవాళ్ళ సంగతి తెలియనట్టే! లైను కనబడితే నిలబడి, ఆ తర్వాత ముందున్నవాణ్ణి “ఇది దేనికి బాబూ?” అని అడిగే జాతి మనది. పొద్దున్నే వచ్చి చెప్పు ఒకటి వరసలో పెట్టి, టీకి వెళ్ళొచ్చేవాళ్ళు. బుచ్చయ్యపేట నుంచి గట్టు తగువు మీద వచ్చిన అన్నదమ్ములిద్దరు ఒకే లైనులో ముందూ వెనకా నిలబడి, మూడో వారానికి బీడీలు పంచుకుని, నాలుగో వారానికి గట్టు సంగతే మర్చిపోయారు. గణపతిరావుగారి సిద్ధాంతం పండింది. అంతలో ఇద్దరికీ ఆర్డర్లు వచ్చాయి.

“ఇప్పుడేటి సేద్దాం?” అన్నాడు తమ్ముడు.

“గడువులోగా వాడకపోతే రద్దయిపోద్దంటరా. ఇన్నాళ్ళు నిలబడి వొచ్చిన ఆర్డరు పాడు సేసుకుంటామా?” అన్నాడు అన్న.

అన్నదమ్ములు గొడౌను వెనకాల పద్ధతిగా కొట్టుకుని, పద్ధతిగా టింక్చరు రాయించుకుని, ఒకే సైకిలు మీద ఇంటికెళ్ళారు. ఆర్డరు మీద జరిగింది కనక అది నేరం కింద రాలేదు.

మాడుగుల హల్వా వ్యాపారి ఒకాయన శత్రువు పేరు ఖాళీ వదిలేసి దరఖాస్తు పెట్టాడు. ఆబిద్ అడిగితే “ముందు ఆర్డరు రానీ బాబూ, మనిషి దొరక్కపోతాడేటి?” అన్నాడు. లైనులో తోసుకుని కొట్టుకున్నవాళ్ళకి ఆర్డరు లేదు కనక, వాళ్ళ కోసం పక్కనే ఇంకో లైను పెట్టారు. (అందులో తోసుకున్నవాళ్ళ సంగతి పరిశీలనలో ఉందని చెప్పారు.)

ఈ హడావుడిలో అచ్చియ్యమ్మ బండి గొడౌను ముందుకి మారింది. ఎదురుచూసే కోపిష్టులకి ఆకలెక్కువ, పునుకులు వేసినవి వేసినట్టే అయిపోయేవి. కానీ శనివారం శనివారమే. సత్యారావు ఏ లైనులోనూ నిలబడకుండా, ఏ పరీక్షా లేకుండా, తన పని తను చేసుకుపోతున్నాడు. ఒక సోమవారం ఆమె పొయ్యి ఆర్పి, చెయ్యి కడుక్కుని, తనే లైనులో నిలబడింది.

“ఒక పేరు రాసుకో బాబూ. సత్యారావు. ఆయనకి కొట్టడానికి ఆర్డరు కావాల.”

ఆబిద్ టైపు మిషనులో కాగితం ఎక్కించాడు. “ఆయన రాలేదేటమ్మా?”

“ఆయనకి తీరిక లేదు. నాను నిలబడ్డాను గదా. అందరికన్నా అడుగున రాసుకో. ఎంత లేటయినా నాకేటీ తొందర లేదు.”

“ఎవర్ని కొట్టాలి?”

“నన్నే.”

ఆబిద్ వేళ్ళు ఆగిపోయాయి. “మీరు ఆయనకి ఏటవుతారు?”

“పెళ్ళాన్ని.”

అతను కాగితం మెల్లగా బయటికి లాగేశాడు. ఆమె మొహంలోకి చూడకుండా, “అయితే ఆర్డరు అక్కర్లేదమ్మా” అన్నాడు.

గణపతిరావుగారు స్వయంగా లేచొచ్చారు. ఎన్నికల ముందు ఆయనకి ఆడవాళ్ళందరూ చెల్లెళ్ళే. “సూడు సెల్లెమ్మా, మన తోటలో మనం రెండు గడలు ఇరుసుకుని తింటే ఫ్యాక్టరీని అడుగుతామేటి? ఇదీ అంతే. ఇంటి వాడకం.”

“గడకి నొప్పెట్టదు బాబూ.”

ఆయన గట్టిగా నవ్వి, చెల్లెమ్మ మాటకారి అని అందరికీ చెప్పారు. లైనంతా నవ్వింది. అచ్చియ్యమ్మకి ఒళ్ళు మండింది. అన్నేళ్ళు తిన్న దెబ్బలకి కూడా పుట్టని మంట అది.

“అయితే నాను ఆయన్ని కొడితే? అదీ ఇంటి వాడకమేనా?”

పక్క లైనులో తోసుకుంటున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. గణపతిరావుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“అది యేరే సంగతమ్మా. రైతు గడ ఇరిస్తే అది తిండి. గడే లేచి రైతుని కొడితే, అది శాంతిభద్రతల సమస్య. దానికి ఆర్డరు కావాల.”

“అయితే రాసుకోండి.”

పరదేశి వచ్చి ఆమె నాడి పట్టుకుని, చెవిలో “సత్యారావు” అన్నాడు. నాడి గంతులేసింది. చెయ్యి వదిలేసి, తన సర్వీసులో ఇంత ముదిరిన తోట చూళ్ళేదని, ఇది ఎప్పుడో కొట్టాల్సిన పంట అని రాశాడు. కార్శి, మొదటి వంతు. ఆ పూట అచ్చియ్యమ్మ ఎవరూ అడక్కుండానే అందరికీ రెండేసి పునుకులు ఎక్కువ వేసింది.

అయితే చిన్న చిక్కు మిగిలింది. ఆబిద్ తల గోక్కుంటూ, పెళ్ళయిన ఆడది ఏ కాగితం పెట్టినా దాని మీద భర్త సంతకం ఉండాలని, ఇది తాము కనిపెట్టింది కాదని, ఏ ఆఫీసుకెళ్ళినా ఇంతేనని చెప్పాడు. పోనీ నేనే తీసుకెళ్ళి పెట్టిస్తానని పరదేశి ఆ కాగితం పట్టుకుని బెల్లం కొట్టుకి వెళ్ళాడు.

సత్యారావు వేలిముద్ర వేసేవాడు కనక పరదేశి అంతా చదివి వినిపించాడు. విన్నవాడు వేలు వెనక్కి తీసేసుకున్నాడు. జీవితంలో మొదటిసారి అతను లైనులో నిలబడ్డాడు. తన ప్రాణానికి ముప్పుందనీ, ఇంట్లో పడుకోవాలంటే భయంగా ఉందనీ, వినేవాళ్ళకి కన్నీళ్ళొచ్చేలా మొరపెట్టుకున్నాడు. కళాసీ ఏడిస్తే ఎవరైనా కరుగుతారు. గణపతిరావుగారు భుజం మీద చెయ్యేసి ధైర్యం చెప్పారు.

ఆఖరి మీటింగులో ఆయన ఫలితాలు ప్రకటించారు. నియోజకవర్గంలో ఆర్డరు లేకుండా జరిగిన కొట్లాటలు సున్నా. ఆర్డరు మీద జరిగినవి నేరాలు కావు. ఇంటి వాడకం లెక్కలోకి రాదు. “ఇంక హింసకి సిద్ధంగా ఉన్న మనిషి చోడవరం మొత్తానికి ఒకే ఒక్కరు మిగిలేరు. ఆ ఒక్క ప్రమాదాన్నీ మా వాలంటీర్లు కంట్రోల్లో పెట్టేరు!” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. బండి దగ్గర నిలబడ్డవాళ్ళు అచ్చియ్యమ్మ నుంచి ఒక అడుగు వెనక్కి జరిగారు.

ముందుజాగ్రత్తగా ఆమె చిల్లుల గరిటె, అట్లకాడ, పప్పుగుత్తి స్వాధీనం చేసుకున్నారు. అవి లేక బండి మూతపడింది. సత్యారావు రక్షణకి ఇంటి గుమ్మం దగ్గర పరదేశిని వేశారు. చేతికి ఆకుపచ్చ పట్టీ, కూర్చోడానికి స్టూలు ఇచ్చారు.

శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళ సత్యారావు తూలుతూ వచ్చాడు. పరదేశి లేచి నిలబడి దారిచ్చాడు. అతను లోపలికెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. లోపల గిన్నెలు దొర్లాయి. “పరదేశీ! ఒరే బాబూ!” అని అచ్చియ్యమ్మ రెండుసార్లు పిలిచింది. డ్యూటీలో ఉండగా ముద్దాయితో మాట్లాడకూడదన్న నియమం పరదేశికి గుర్తుంది. అంతా సద్దుమణిగాక అతను తలుపు కొంచెం తెరిచి, లాంతరు ఎత్తి, సత్యారావుని కింద నుంచి పై దాకా పరీక్షగా చూశాడు. ఎక్కడా గీత కూడా పడలేదు. స్టూలు మీద కూర్చుని రిపోర్టు రాసుకున్నాడు.

‘శనివారం. పేట ప్రశాంతం. అవాంఛనీయ సంఘటనలేమీ జరగలేదు.’