అడుగున మిగిలిన ముక్క

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి, కథ నెమ్మదిగా నడిస్తే ఓర్చుకోండి.

మా చెల్లెలి కూతురు, అల్లుడు ఒకే కాలేజీలో కెమిస్ట్రీ చెబుతారు. ల్యాబూ ఒకటే. ఆ ఉదయం అల్లుడు పెట్టుకున్న పని ఒక్కటే: డబ్బాలో పాతబడిన సోడియం ముక్కల్ని వదిలించుకోవడం. సోడియం నీళ్ళలో పడితే భగ్గుమంటుంది. స్పిరిట్‌లో వేస్తే అడుగుకి దిగి, బుడబుడమంటూ, తన కోపాన్ని తానే మింగుకుని చల్లారుతుంది. అందుకే స్పిరిట్.

అమ్మాయి కోపం మాత్రం చల్లారలేదు. అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళతానని మాటిచ్చి అతను మరిచిపోయాడు. పాపం మా చెల్లెలు ముందురోజు తయారై సాయంత్రం దాకా గుమ్మంలోనే కూర్చుంది. అడిగితే "పనిలో పడ్డాను" అన్నాడే తప్ప "తప్పయింది" అనలేదు. ఆ మాట వినేదాకా అతనితో పెదవి విప్పనని అమ్మాయి ఒట్టు పెట్టుకుంది. దాంతో ఇద్దరి మధ్యా కబుర్లు మోసే పని ల్యాబ్ అటెండర్ తాత మీద పడింది.

"తాతా, స్పిరిట్ సీసా ఎక్కడ పెట్టిందో ఆవిణ్ణి అడుగు."

"మీ ముక్కు కిందే ఉందని చెప్పమన్నారు సార్."

"అంతేనా అంది?"

"ఇంకా చాలా అన్నారు. అన్నీ మోసే వయసు కాదు సార్ నాది."

ముక్కలు ఒక్కొక్కటే బీకరులో పడ్డాయి. చాలాసేపు బుడగలు వచ్చాయి, ఆపైన నిశ్శబ్దం. అడుగున తెల్లటి తెట్టు కట్టింది.

"మౌనంగా ఉందంటే అయిపోయినట్టే తాతా. ఇంట్లో కూడా అంతే" అని, బీకరు కడగడానికి మగ్గుతో నీళ్ళు తెమ్మన్నాడు అల్లుడు.

అమ్మాయి ఓరగా చూసింది. తెట్టు కింద నుంచి ఒక్క బుడగ పైకి తేలింది. ముక్క ఇంకా ఉంది! కబురు పంపుదామంటే తాత కుళాయి దగ్గరున్నాడు. రాగానే, "తాతా, నీళ్ళు పోయొద్దని చెప్పు" అంది.

"ఎవరికమ్మా?" అన్నాడు తాత. మగ్గు అప్పటికే అల్లుడి చేతిలో ఉంది.

ఒట్టా, మొగుడా?

"ఏమండీ! పోయకండి!"

ఆ పిలుపుకి అతని మొహం చాటంతయింది. "మాట్లాడావా!" అంటూ ఇటు తిరిగాడు. చేతిలోని మగ్గు బీకరు మీదికి ఒరిగింది.

ఢామ్మంది. మంట లేచింది. తాత బకెట్టెడు ఇసుక కుమ్మరించాడు. కళ్ళద్దాలు అల్లుడి కళ్ళని కాపాడాయి. మీసానికి అలాంటి ఏర్పాటు లేదు కనక సగం పోయింది.

"మాట్లాడావు" అన్నాడు, ఆ స్థితిలో కూడా.

"మాట్లాడలేదు, అరిచాను. అది లెక్కలోకి రాదు."

అతను పగిలిన బీకరు వంక చూశాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు. "తప్పయింది. అత్తయ్యని అంతసేపు అలా కూర్చోబెట్టాను."

"తప్పయిందంటున్నారమ్మా" అని అలవాటుకొద్దీ అందించాడు తాత.

అమ్మాయి కత్తెర తెచ్చి, మిగిలిన సగం మీసం తీసేసింది. తీస్తూ తీస్తూ ఫక్కున నవ్వింది. అలాంటి మొహం మీద కోపం నిలవదన్న సంగతి ఏ కెమిస్ట్రీ పుస్తకంలోనూ లేదట.

— పెద్దక్క, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది చెల్లెలింట్లో, మేడ మీది గదిలో.