ఆరంగుళాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: మగ్గం మానేసిన చౌడయ్య, ఆయన ఎడమ భుజం కింద కొత్తగా అమర్చిన పేస్‌మేకర్, మనవరాలు నాగదుర్గ, సురక్షిత సెల్‌ఫోన్ కార్పొరేషన్ చైర్మన్ దుర్గాశంకర్ గారు, వారి చెవిలో మిషను, వారి అనుచరుడు రాంబాబు.

"గుండెకు ఫోను దూరం, ప్రజలకు నేను దగ్గర" అనే మహోద్యమాన్ని చైర్మన్ గారు మంగళగిరిలోనే ప్రారంభించదలిచారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఫోను ఎంత దూరంలో పెట్టుకోవాలో రాష్ట్రానికి చెప్పడం కోసం విజయవాడ నుంచి మండుటెండలో, ఏసీ కారులో వచ్చారు. అంతటి త్యాగం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

రాంబాబు ఫోనులో లైవ్ పెట్టి అందించాడు. అది దగ్గరికి రాగానే చైర్మన్ గారి చెవి మిషను కుయ్యిమంది.

"తీసెయ్యండి సార్. మీరు మాట్లాడ్డమేగా, వినే పనేం లేదు."

మిషను జేబులోకి వెళ్లింది. "సామాన్యుడి గుండె చప్పుడు రాష్ట్రానికి వినిపిస్తాను" అంటూ చైర్మన్ గారు ఆ ఫోనును చౌడయ్య ఎడమ రొమ్ముకు ఆనించి అదిమి పట్టారు.

"బాబూ, డాక్టరు గారు అక్కడ వద్దన్నారండీ" అన్నాడు చౌడయ్య, మొహం పాలిపోయి.

"కృతజ్ఞతలెందుకు పెద్దాయనా, ఇది నా బాధ్యత."

నాగదుర్గ బడిలో హాజరు కూడా పక్కపిల్ల చేత పలికించే రకం. అయినా రాంబాబు దగ్గరికి జరిగింది. "ఏవండీ, ఫోను ఆరంగుళాల దూరంలో ఉండాలండీ."

"లైవ్‌లో ఉన్నాం పాపా. దూరం సంగతి సారు చివర్లో చెబుతారు."

తాతయ్య కళ్లు తననే చూస్తున్నాయి. నాగదుర్గ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతెత్తి అరిచింది.

"సార్, ఆరంగుళాలు. ఆరంగుళాలు సార్."

చైర్మన్ గారు గిర్రున తిరిగారు. "ఆరు బంగళాలా? ఎవడు చెప్పాడు? నాలుగే. అందులో రెండు మా బావమరిది పేరు మీదున్నాయి."

చౌడయ్య గుండె చప్పుడుతో సహా ఆ మాట రాష్ట్రమంతా స్పష్టంగా విన్నది. రాంబాబు ఒక్క గెంతులో ఫోను లాక్కుని, లైవ్ ఆపి, గుమ్మం దాకా పోయాడు. ఫోనుకూ తాతయ్యకూ మధ్య ఇప్పుడు ఆరడుగుల పైనే ఉంది. నాగదుర్గ ఊపిరి పీల్చుకుంది.

రాంబాబు ఆమెను రెక్క పట్టుకుని అరుగు మీదికి దింపాడు. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"సారు చెప్పిన నాలుగూ పోను, మిగతా రెండు బంగళాల సంగతి నీకెవరు చెప్పారమ్మా?"

జవాబు వినకుండానే తలుపేశాడు.