గ్లాకస్ రంగు

సిరిసిల్లలో నూలుకు రంగులు అద్దే గోవర్ధన్, ఆ పొద్దున చాయ్ తాగి, ఒక్క రంగు తేల్చుకుని కార్ఖానాకు పోదామనుకున్నాడు. హైదరాబాద్‌లో చీరల షాపు నడిపే ఆవిడ కొత్త రంగు ఒకటి అడిగింది. దాని పేరు గ్లాకస్. ఇన్నేళ్ల అద్దకంలో ఆ మాట అతని చెవిన పడలేదు.

వాకిట్లో నూలుపోగులను ఎండకు పట్టి ఫోన్లో బతిమాలుతున్నాడు. "గ్లాకస్ అని మీరే చెప్తిరి మేడం. నా కంటికైతే గిది పచ్చగుందో, బూడిదగుందో సమజైతలేదు. సిగ్గయి ఇంట్ల కూడ చెప్పలే."

వంటింట్లో ఉన్న భార్య లతకు గ్లాకస్ అన్నది గ్లాకోమా అని వినబడింది, మేడం అంటే డాక్టరమ్మే అనుకుంది. ఆమె తల్లికి చూపు పోయింది గ్లాకోమాతోనే. నీటికాసులు అంటారు ఊళ్లో. వెంటనే కోరుట్లలో ఉన్న తమ్ముడు రవీందర్‌కు ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావకు రంగులు తెలుస్తలెవ్వురా! మనకు చెప్తలేడు."

"నువ్వు ఏడ్వకక్కా. నేను కారు తీస్కొని అస్తున్న. బావను బండి మాత్రం నడపనియ్యకు."

లత బైకు తాళం బియ్యం డబ్బాలో దాచింది. తాళం దొరకక గోవర్ధన్ ఇంట్లోనే ఉండిపోయాడు. ఈలోగా షాపావిడ మళ్లీ ఫోన్ చేసి, పత్తగోబి, అదే క్యాబేజీ, పైఆకు చూడమంది. ఆ ఆకు మీద పొడిలాంటి తెల్లని పొర ఉంటుంది, దానివల్ల పచ్చదనం నీలంగా, బూడిదగా మసకబారుతుంది, అదే గ్లాకస్ అని చెప్పింది.

రవీందర్ వచ్చేసరికి బావ గోబిగడ్డను ముక్కుకు ఆనించుకుని, వేలితో రుద్దుతూ, "పొర పోతుంది, పొర పోతుంది" అని గొణుగుతున్నాడు.

లత కొంగు నోట్లో కుక్కుకుంది. రవీందర్ మూడు వేళ్లు చూపించాడు. "బావా, గివెన్ని?"

"ఏందిరా, నువ్వు లెక్కలు మర్చిపోయినవా?"

జగిత్యాలలో చుట్టాల పిల్లను చూడాలని చెప్పి కారెక్కించారు. కారు కంటి దవాఖాన ముందు ఆగాక గానీ గోవర్ధన్‌కు సంగతి తెలియలేదు. అరిచాడు. గోబిగడ్డ కథంతా చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. చివరికి డాక్టరమ్మ పరీక్ష చేసి నవ్వింది.

"ఈయన కళ్లు బంగారంలా ఉన్నాయమ్మా. గ్లాకస్, గ్లాకోమా రెండూ ఒకే పాత గ్రీకు మాట నుంచి పుట్టినవే. జబ్బు చేసిన కన్ను ఆ మసక రంగులో కనబడేదని ఆ పేరు పెట్టారంటారు. అయినా, మీకు గ్లాకోమా సంగతి ఎట్లా తెలుసు?"

"మా అమ్మకుండె మేడం," అంది లత.

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. "అయితే చూడాల్సింది ఈయన్ని కాదు. అది తల్లి నుంచి పిల్లలకు రావచ్చు. ముందు మీరు కూర్చోండి."

లత కంట్లో ఒత్తిడి ఎక్కువగా ఉంది. పక్కచూపు కొంచెం అప్పుడే పోయింది. పోయింది తిరిగి రాదు, చుక్కల మందు రోజూ వేస్తే ఉన్నది నిలబడుతుంది అంది డాక్టరమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు కారులో లత అంది, "మీకే అయిందనుకొని పానం పోయినంత పనైంది."

"నాకు ఇప్పుడు పోతున్నది," అన్నాడు గోవర్ధన్. ఆమె చేయి పట్టుకుని ఇంటిదాకా వదలలేదు.

ఆ రంగులో నేయించిన మొదటి చీర లతకే ఇచ్చాడు. ఆమె దాన్ని ఎండకు పట్టి ఎంతోసేపు చూసుకుంది. షాపావిడ మాత్రం ఫొటో చూసి, రంగు బాగుంది గానీ ఇది గ్లాకస్ కాదేమో అంది.